బూట్లతో ఇచ్చిన కొలత

ఆ ఉదయం మబ్బు బాగా కిందికి దిగింది. రాయదుర్గంలో అద్దాల మేడల పై అంతస్తులు దానిలో మునిగిపోయి, పొడుగు మేడలూ పొట్టి మేడలూ ఒక్క ఎత్తున తెగినట్టున్నాయి. కురవదు, కదలదు.

ఆ మేడల్లో ఒకదాని కింద, సెల్లార్‌లో, ఉదయ్ భాస్కర్ అటూ ఇటూ చూసి ఒక మోటార్‌సైకిల్ ఎక్కి కూర్చున్నాడు. అది అతనిది కాదు.

స్టాండ్ వైపు ఒరిగి ఉంది కాబట్టి ఎడమకాలు నేలకి ఆనింది. కుడికాలు గాలిలో ఉంది. బండిని మెల్లిగా నిలబెట్టి చూశాడు. ఇప్పుడు రెండు బూట్ల కొసలూ నేలని వెతుక్కుంటున్నాయి.

"ఏయ్! నా బండి మీద ఏం చేస్తున్నవ్?"

ఉలిక్కిపడ్డాడు. బండి మళ్ళీ స్టాండ్ మీదికే ఒరిగింది, అతని అదృష్టం. హెల్మెట్ చేత పట్టుకుని ఒక అమ్మాయి వస్తోంది. పొడుగు మనిషి. అతను మూడడుగుల్లో నడిచే దూరం ఆమె రెండడుగుల్లో వచ్చేసింది.

"కూర్చుని చూస్తున్నానండి."

"కూసోని చూస్తానికి ఇదేమన్న సోఫానా?"

"కాదండి. ఎత్తు చూస్తున్నాను. బండి కొనుక్కోవాలి. షోరూములో కూర్చుంటే చుట్టూ నలుగురు నిలబడి చూస్తారు. అందుకని పొద్దున్నే ఇక్కడ, ఒక్కో బండీ..."

"ఒక్కో బండా? అంటే నాది మొదటిది కాదు?"

"కాదండి."

"ఇప్పటికి ఎన్నిటి మీద కూసున్నవ్?"

భాస్కర్ నిజాయితీగా సెల్లార్ అంతా కలియజూశాడు. "ఈ వరస అయిపోయిందండి. ఆ స్తంభం నుంచి అటు ఉంది."

ఆమె చప్పున హెల్మెట్ తలకి పెట్టుకుని అద్దం దించేసుకుంది. బండి ఎక్కకుండానే హెల్మెట్ ఎందుకు పెట్టుకుందో అతనికి అర్థం కాలేదు. భుజాలు కదలడం చూశాక అర్థమైంది. నవ్వుతోంది.

నవ్వు అయిపోయాక అద్దం ఎత్తింది. "స్కూటీ కొనుక్కోరాదు?"

"అందరూ అదే చెప్తారండి. ముందు నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూస్తారు. తర్వాత స్కూటీ అంటారు. మీరూ అలాగే చూశారు."

ఆమె హెల్మెట్ తీసేసింది. "నిజమే. జర తప్పయింది. నా పేరు రేణుక. నాలుగో ఫ్లోర్. ఆదివారం ఖాళీనా నువ్వు?"

*

భాస్కర్‌ది ముమ్మిడివరం పక్కన పల్లె. నిజాంపేట హాస్టల్లో ఉంటాడు. వచ్చే నెల నుంచి అతని టీముని నానక్‌రామ్‌గూడకి మారుస్తున్నారు. అటు మెట్రో లేదు, కంపెనీ క్యాబ్ ఇవ్వదు. బండి తప్పదు. గేర్ల బండే కొనాలన్నది మాత్రం అతని పంతం.

అతని గురించి ఇంకొకటి చెప్పాలి. అతని బూట్లు. పైకి మామూలు నల్లబూట్లే. లోపల మడమ కింద మూడు వేళ్ళ మందాన ఒక దిమ్మ ఉంటుంది. ఆ సంగతి అతనికి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆ బూట్లు కొన్న కొత్తలో రావులపాలెం వైపు పెళ్ళిచూపులకి వెళ్ళాడు. వాకిట్లో దిగినప్పుడు అందరూ బాగానే పలకరించారు. గుమ్మం దగ్గర బూట్లు విప్పి లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. పెళ్ళికూతురి మేనత్త గదిలోంచి వచ్చి, అతన్ని చూసి, గుమ్మం వైపు చూసి, "అబ్బాయి వెనకాల వస్తున్నాడాండీ?" అంది. తర్వాత టీ ఇచ్చారు. చాలా మర్యాదగా పంపించారు.

అప్పటినుంచి అతను ఎవరింటి గుమ్మమూ దాటలేదు.

*

ఆదివారం కూకట్‌పల్లి షోరూములో అడుగు పెట్టగానే సేల్స్ అతను చిరునవ్వుతో ఎదురొచ్చాడు. "స్కూటర్ సెక్షన్ అటువైపు సార్."

"మేం తొవ్వ అడగలే," అంది రేణుక.

భాస్కర్ కళ్ళు ఒక లావుపాటి నల్లబండి మీద ఆగిపోయాయి.

"గది నువ్వు నడిపేది కాదు. గదే నిన్ను నడుపుతది," అంది. "పక్కకు నూకి చూడు."

తోశాడు. అది కదల్లేదు. అతను కదిలాడు.

"ఎత్తొక్కటే చూడొద్దు. సీటు వెడల్పుంటే కాళ్ళు పక్కకు పోయి ఇంక పొట్టిగైతయి. సన్నగుంటే సీదా దిగుతయి. బరువు గూడ చూడాలె. ఒరిగినప్పుడు ఆపుకునే తాకత్ ఉండాలె."

"ఇవన్నీ మీకెలా తెలుసండి? మీరు ఇంత పొడుగు కదా."

"మా అమ్మ నీ అంతనే ఉంటది. సీట్లు కుడుతది. ఎక్స్‌ఎల్ మోపెడ్ మీద రెగ్జిన్ కట్టలేసుకుని బాలానగరంత తిరుగుతది. నన్నెందుకు అండి అంటవు? గా అండీలన్ని దాచిపెట్టుకో, మా అమ్మ కాడ పనికొస్తయి."

మధ్యాహ్నానికి ఒకటి కుదిరింది. నూట పాతిక సీసీ, సన్న నడుము, నీలం రంగు. కూర్చుంటే బూట్ల కొసలు ఆనాయి, మడమలు ఆనలేదు. సీటు కాస్త దింపితే సరిపోతుంది.

బాలానగర్‌లో, లేత్ మిషన్ల చప్పుళ్ళ మధ్య, రేణుక వాళ్ళమ్మ కిష్టమ్మ సీట్ల దుకాణం. ఆమె నోట్లో దారం, చేతిలో చాకు. భాస్కర్‌ని బండి మీద కూర్చోబెట్టి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మడమకీ నేలకీ మధ్య రెండు వేళ్ళు పెట్టి చూసింది.

"ఫోమ్ గింత కోస్త. ఎక్కువ కోస్తే నడుము గుంజుతది," అంది. కిందికి చూసింది. "రోజు గీ బూట్లేనా ఏసుకునేది?"

రేణుక పక్కనే నిలబడి ఉంది.

"రోజూ ఇవేనండి," అన్నాడు భాస్కర్.

"పక్కానా బిడ్డ? కొలత ఒక్కసారే. కోసినంక మల్ల అతకరాదు."

"పక్కానండి."

కిష్టమ్మ మళ్ళీ చాకు తీసుకుంది.

సాయంత్రం ఫోన్లో భాస్కర్ వాళ్ళమ్మ భ్రమరాంబ గోల పెట్టింది. "ఆషాఢంలో బండేమిట్రా నాన్నా! సరే, ఆఫీసు కోసం అంటున్నావు కాబట్టి నడుపుకో. పూజ మాత్రం శ్రావణంలో చేయించు. అందాకా నిమ్మకాయలు తొక్కించకు."

భాస్కర్ ఈ మాట చెబితే కిష్టమ్మ ఆశ్చర్యపోయింది. "ఆషాఢమంటే బోనాల నెల. అమ్మోరే ఊరేగే నెల. ఇంతకన్న మంచి నెల ఏడున్నది? పోనీ తియ్యి, కన్నతల్లి మాట ఇనాలె. శ్రావణంల మా బస్తీ పోచమ్మ కాడ నేనే చేపిస్త."

*

ఆ నెలంతా ఆదివారం పొద్దున పూట కోకాపేట వైపు కొత్తగా వేసిన వెడల్పు రోడ్ల మీద పాఠాలు. ఎర్ర ఎల్ అక్షరం అంటించిన నీలం బండి, ముందు భాస్కర్, వెనక రేణుక. బండి ఆగినప్పుడల్లా ఆమె కాళ్ళు రెండువైపులా నేలకి పూర్తిగా ఆనేవి. అతని ధైర్యమంతా ఆ కాళ్ళలోనే ఉండేది.

"క్లచ్ మెల్లగ ఇడువు. మెల్లగ... మెల్లగ అంటే గట్లనా? కప్పలెక్క దుంకుతున్నం."

"నేను మెల్లిగానే వదిలానండి. అదే తొందరపడింది."

"బండి మీద చాడీలు చెప్పకు."

వాన వచ్చేది. కట్టి సగంలో ఆగిన ఒక మేడ కింద నిలబడేవారు. తడిసిన కోటు దులుపుకుంటూ ఆమె మాట్లాడేది, అతను వినేవాడు. అతను మాట తక్కువ మనిషి. కానీ చూసేది ఏదీ వదలడు. వాన జల్లు పక్కకి కొడితే ఆమె ఏమీ అనకుండా గాలి వచ్చే వైపుకి మారి నిలబడేది. అటు నిలబడితే జల్లు అతని దాకా రాదు. అది ఆమె చూసుకుని చేసిందో, అలవాటుగా చేసిందో అతనికి తెలియదు. తెలుసుకోవాలని మాత్రం చాలా ఉండేది.

పాఠం అయ్యాక బోరబండలో వాళ్ళింటి దగ్గర దింపేవాడు. గడప ముందు చెప్పుల వరస. కిష్టమ్మ బయటికి వచ్చేది.

"లోపటికి రా బిడ్డ. ఇంత తిని పో."

"ఇంకోసారి వస్తానండి."

మళ్ళీ ఆదివారం. "ఇయ్యాల సర్వపిండి చేసిన. రా."

"హాస్టల్లో పనుందండి."

మరో ఆదివారం కుండపోత వాన. కిష్టమ్మ గడపలో నిలబడి చెయ్యి చాపి పిలిచింది. భాస్కర్ చూరు కింద కూడా కాకుండా, వానలో, బండి పక్కన నిలబడి, "పర్వాలేదండి," అన్నాడు. బూట్లలోంచి నీళ్ళు కారుతున్నాయి.

కిష్టమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళడం రేణుక చూసింది.

"ఒకటి అడుగుత. నిజం చెప్తవా?" అంది. గొంతు పైకి లేవలేదు. అందుకే అతనికి భయం వేసింది.

"అడగండి."

"మా ఇల్లు రేకుల ఇల్లు అనా? గల్లీ బురద అనా? లేకుంటే మా ఇంట్ల తినరాదా మీరు?"

"అయ్యో, అది కాదండి..."

"మరి ఏంది?"

అతను నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే చాలు. గుమ్మం వైపు చూసి "అబ్బాయి వెనకాల వస్తున్నాడా" అన్న మేనత్త గొంతు చెవిలో వినిపించింది. నోరు మూసుకున్నాడు.

"మా అమ్మ కోసిన సీటు మీద కూసోని ఊరంత తిరుగుతవు. మా అమ్మ ఏసిన పీట మీద కూసోవు. ఇగ చాలు భాస్కర్. నీకు బండి వచ్చేసింది. నేనేం చేస్త ఇంక నీకు?"

హెల్మెట్ అద్దం దించేసుకుంది. ఈసారి నవ్వు దాచుకోవడానికి కాదు.

*

అతని ఆఫీసు నానక్‌రామ్‌గూడకి మారింది. రేణుక ఫోన్ ఎత్తలేదు. బండి బాగా వచ్చింది. గచ్చిబౌలి ఫ్లైఓవర్ కూడా ఎక్కి దిగాడు. వెనక సీటు ఖాళీగా ఉంటే బండి తేలికవుతుందనుకున్నాడు. కాలేదు.

శ్రావణం వచ్చింది. నిజాంపేటలోనే ఏదో గుడి దగ్గర పూజ చేయించుకుంటే సరిపోయేది. బూట్లు విప్పినా అక్కడ ఎవరూ తెలిసినవాళ్ళు ఉండరు. ఆ గుడి దాకా వెళ్ళాడు కూడా. గుడి ముందు బండి ఆపి కాసేపు కూర్చున్నాడు. తర్వాత తిప్పి, బాలానగర్ వెళ్ళి, దుకాణం ముందు నిలబడ్డాడు.

"ఆంటీ, మీరు చేయిస్తానన్నారు కదండి. ఆదివారం వస్తాను."

కిష్టమ్మ కుట్టు ఆపలేదు. "గుడికా, ఇంటికా?"

"రెంటికీనండి."

ఆమె తలెత్తి చూసింది. "పొద్దుగాల్నే రా."

*

పోచమ్మ గుడి చిన్నది. ముందు సిమెంటు గచ్చు, పక్కన వేపచెట్టు. కిష్టమ్మ పసుపు, కుంకుమ, బంతిపూల దండ తెచ్చింది. రేణుక పళ్ళెం పట్టుకుని, తల్లి బలవంతం మీద వచ్చిన మొహంతో నిలబడింది. అతని వైపు చూడలేదు. బస్తీ ఆడవాళ్ళు నలుగురైదుగురు చేరారు. వాళ్ళలో లచ్చమ్మ అనే ముసలామె ముందుకొచ్చి బండిని తట్టి చూసింది.

కిష్టమ్మ హ్యాండిల్‌కి దండ వేసింది. కొబ్బరికాయ కొట్టింది. ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి నిమ్మకాయలు పెట్టింది.

"ఎక్కు బిడ్డ. చెప్పులిడిచి ఎక్కు. అమ్మోరి ముంగట."

దీనికోసమే వచ్చాడు. రాత్రంతా దీన్నే తలుచుకున్నాడు. వంగి లేసులు విప్పాడు. ఒక బూటు తీశాడు. ఒకవైపు దిగాడు. రెండోదీ తీశాడు. గచ్చు చల్లగా ఉంది.

లేచి నిలబడేసరికి రేణుక అతని వైపు చూస్తోంది. ముందు అతని తల ఉండాల్సిన చోట చూసింది. అక్కడ లేదు. కొంచెం కిందికి చూసింది. అక్కడ ఉన్నాడు.

అతను బండెక్కాడు. స్టాండ్ తీశాడు.

తన ఎత్తు సంగతి ఆలోచించాడే గానీ సీటు సంగతి ఆలోచించలేదు. ఆ సీటు బూట్లకి కోసిన సీటు. రెండు కాళ్ళూ కిందికి చాపితే అక్కడ నేల లేదు. చక్రం కింద నిమ్మకాయ కదిలింది. బండి కుడివైపుకి మెల్లిగా, పడుకోబోతున్న గేదెలా, ఒరగడం మొదలుపెట్టింది.

"అమ్మా!" అన్నారు ఆడవాళ్ళు.

పళ్ళెం ఖంగుమంది. రేణుక రెండంగల్లో వచ్చి వెనక కడ్డీ పట్టుకుంది. బండి ఆగింది. ఆమె చొక్కా నిండా కుంకుమ.

 కిష్టమ్మ వెళ్ళి ఒక బూటు చేతిలోకి తీసుకుంది. లోపల చెయ్యి పెట్టి చూసింది. దిమ్మ బయటికి తీసింది.

"గీ బూట్లతోటి కొలత ఇచ్చినవా!" అంది. "మూడు వేళ్ళ మందం! నా ఫోమంత ఆగం జేస్తివి గదరా! పక్కానా బిడ్డ అంటే పక్కానండి అంటివి!"

"తప్పయిందండి."

"అందుకేనా?" అంది రేణుక వెనకనుంచి. కడ్డీ ఇంకా వదల్లేదు. "అందుకేనా మా ఇంటికి రాలే?"

భాస్కర్ వెనక్కి తిరగలేదు. తిరిగితే బండి పడుతుంది. ముందుకి చూస్తూనే చెప్పాడు. "గుమ్మం దగ్గర విప్పాలి కదండి. విప్పితే ఇంత అయిపోతాను. మీరు నవ్వితే ఏం పర్వాలేదు. టీ ఇచ్చి మర్యాదగా పంపించేస్తారేమోనని... ఇంకెవరు పంపినా సరే అనుకున్నాను. మీరు పంపితే తట్టుకోలేను. మీరంటే నాకు ఇష్టం."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నేనేమో వారం రోజులు ఏడిస్తి," అంది. "బూట్లేసుకుంటే నా భుజం కాడికొస్తవు. ఇడిస్తే భుజం కిందికొస్తవు. ఎట్లున్నా నా కన్న పొట్టోడివే. గా మూడు వేళ్ళ కోసం ఇంత తకరారా?"

లచ్చమ్మ పకపకా నవ్వింది. అందరూ నవ్వారు. హెల్మెట్ లేదు కాబట్టి రేణుక మొహం దాచుకోవడానికి ఏమీ దొరకలేదు.

"ముచ్చట్లు తర్వాత. నిమ్మకాయలు ఇంక తొక్కలే," అంది కిష్టమ్మ. "నువ్వు పట్టుకోయే రేణుక. నువ్వు ఇడువు బిడ్డ క్లచ్చు. మెల్లగ."

మెల్లిగానే వదిలాడు. నిమ్మకాయలు చిట్లాయి.

పూజ ఫోటో పంపగానే భ్రమరాంబ నుంచి ఫోన్ వచ్చింది. చెయ్యంతా పసుపు కాబట్టి స్పీకర్ నొక్కాడు.

"బండి బాగుందిరా. పక్కన ఆ అమ్మాయెవరు?"

అతను రేణుక వైపు చూశాడు. "రేణుక అని... నాకు నచ్చిందమ్మా."

 "నీకంటే చాలా పొడుగు కదరా."

"అవునమ్మా."

"మీ నాన్నా నేనూ ఇన్నేళ్ళుగా అటకమీది డబ్బాలు దింపాలంటే పక్కింటివాళ్ళని పిలుస్తున్నాం," అంది భ్రమరాంబ. "మనసు మంచిదేనా?"

"వాన వస్తే గాలి వైపు తను నిలబడుతుందమ్మా."

ఆవిడకి ఏమర్థమైందో గానీ, "వాళ్ళమ్మగారికి ఫోనివ్వు," అంది. కిష్టమ్మ ఫోన్ పట్టుకుని వేపచెట్టు వెనక్కి నడిచింది.

రేణుక చేతులు కట్టుకుని నిలబడింది. "నన్ను అడగకముందే మీ అమ్మకు చెప్తవా?"

"ఇప్పుడు అడుగుతున్నాను."

ఆమె చొక్కా మీది కుంకుమ దులుపుకుంది. అది పోలేదు.

"ఆకలైతుంది. ముందుగాల తిందాం పా," అంది.

*

అతను గడప దాటాడు. ఎవరూ అటూ ఇటూ చూడలేదు. కిష్టమ్మ చాప పరిచింది. జొన్నరొట్టెలు, ముద్దపప్పు, పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. ఆమె వడ్డించి తానూ ఎదురుగా కూర్చుంది. వేపచెట్టు వెనక ఏం మాట్లాడిందో చెప్పలేదు. రేకుల మీద వాన మొదలైంది. గట్టిగా కురుస్తోంది, మాట్లాడినా వినపడదు. ముగ్గురూ తల వంచుకుని తింటున్నారు.

 భాస్కర్‌కి రుచి తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది. జవాబు తెలియడం లేదు. పక్కకి చూడాలని ఉంది, చూడలేదు. రొట్టె తుంచి పప్పులో అద్దుకున్నాడు.

రేణుక తన కంచంలో సగం తిన్న రొట్టెని చూసింది. అందులో ముక్క తుంచి, పచ్చిపులుసులో ముంచి, అతని కంచంలో పెట్టింది. ఎంగిలి. తల్లి ముందరే.

కిష్టమ్మ చూసింది. గిన్నె దగ్గరికి జరిపి, ఇద్దరికీ ఇంకో గరిటెడు పప్పు వేసింది.

అతను ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మెల్లిగా నమిలాడు. వాన కురుస్తూనే ఉంది.